హస్తవాసి కాదు, టైపు హయ్యర్

మా పాత కంపెనీలో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటున్నారు. కొత్తగా చేరిన పిల్లలకు క్యాంటీన్‌లో టీతో పాటు వడ్డిస్తారట. కొత్త భవనం ప్రారంభోత్సవం రోజున పాత కంప్యూటరు మొరాయించిందట. పెద్దసారు అంతటివాడు మీటలు నొక్కితే పిచ్చిరాతలు రాసిందట. అప్పుడు రిటైరైన మేడం ఒకావిడ లేచి వచ్చి చెయ్యి వేస్తే బుద్ధిగా పలికిందట. "ఆవిడది హస్తవాసి అండీ" అని ముగిస్తారు. మధ్యలో ఇంకో ముక్క తగిలిస్తారు: చదువూ సంధ్యా లేని పెయింటరు ఒకడు దాన్ని ముందురోజే పాడుచేసి పెట్టాడని.

రెండూ అబద్ధాలే. మొదటిది నన్ను పొగిడే అబద్ధం కాబట్టి ముసిముసిగా నవ్వి ఊరుకుంటానని అనుకున్నట్టున్నారు. ఊరుకోను. మగవాడు మిషను బాగుచేస్తే బుర్ర అంటారు, అదే పని ఆడది చేస్తే హస్తవాసి అంటారు. నా చేతిలో ఏ వాసీ లేదు. ఉన్నది టైపురైటింగ్ హయ్యర్ పాసైన సర్టిఫికెట్టు, దాని వెనక బోలెడంత వేళ్ళ నొప్పి. ఇది చదువుతున్న పిల్లలూ, అసలు జరిగింది చెబుతాను. మధ్యమధ్య కాసిన్ని తిట్లుంటాయి, సర్దుకోండి.

నేను చేరింది హార్బరు పక్కన, ఓడల్లో సరుకు ఎక్కించి దించే ఒక ప్రైవేటు కంపెనీలో. తొంభైల మొదట్లో మాట. ఆఫీసు మొత్తానికి ఒకటే కంప్యూటరు. పచ్చ అక్షరాల తెర, పెట్టెకి రెండు ఫ్లాపీ నోళ్ళు. మేనేజరు నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే దానికి మాత్రం ఏసీ గది ఇచ్చారు. లోపలికి రావాలంటే చెప్పులు బయట విడవాలి. దసరాకి మానిటరు నుదుట బొట్టు పెట్టేవాళ్ళం. బొగ్గు, ముడి ఇనుము ధూళితో వచ్చే డాక్ మనుషులు గడప దాటకూడదని ఆర్డరు. వాళ్ళ కోసం గోడకి రైల్వే టికెట్ కౌంటరులాంటి చిన్న కిటికీ కోసి పెట్టారు. ఏ ఓడ మీదికి, ఏ హాచ్‌కి, అంటే ఓడ పొట్టలోకి దించే ఏ నోటికి, ఏ కూలీల గ్యాంగు వెళుతోందో వాళ్ళు ఆ కిటికీలోంచి అరవాలి. నేను లోపల కూర్చుని కొట్టుకోవాలి.

తెర నా ఎదురుగా, కిటికీ నా ఎడమ పక్కన. క్రేన్ల రొదలో మాట సగం వినపడేది, మిగతా సగం పెదాలు చూసి పట్టుకోవాలి. కాబట్టి మొహం కిటికీకి అప్పగించి, వేళ్ళని వాటి దారిన వదిలేసేదాన్ని. అందులో గొప్పేం లేదు. పాత పోస్టాఫీసు దగ్గర టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు మా చేతుల మీద అట్టపెట్టె బోర్లించి నేర్పించారు. ఏ ఎస్ డీ ఎఫ్ జీ ఎఫ్, సెమికోలన్ ఎల్ కే జే హెచ్ జే. కిందికి చూస్తే స్కేలుతో పెట్టె మీద ఒక్కటిచ్చేవారు. దెబ్బ పెట్టెకే, అదురు మాత్రం మాకు. నిద్రలో లేపి అడిగినా నా వేళ్ళకి అక్షరాలు ఎక్కడున్నాయో తెలుసు. నన్నడిగితే నాకు తెలియదు.

ఓడ మీద సరుకు పైకెత్తే వించి నడిపే డ్రైవరు ఒకాయన రోజూ కిటికీ దగ్గరికి వచ్చేవాడు. యారాడ మనిషి, ఇంట్లో అందరూ సముద్రం మీద చేపల వేటకి పోతే ఆయన ఒక్కడే డాక్‌లో చేరాడు. ఆయనకి నా పద్ధతి అసలు నచ్చేది కాదు.

"ఓలప్పా, సూడకుండా కొట్టీతన్నావేటి? ఎవుడి పేరు ఎవుడికి పడిపోద్దో!"

"నీ మొహం చూస్తూనే కొడుతున్నాను. తప్పు పడితే నీ మొహానిదే."

"నా మొగం బంగారం. నా పెళ్ళాన్నడుగు."

"అడిగాను. మంచం కింద పెట్టి మర్చిపోయానంది."

అలా నాకు కిటికీ మేడం అని పేరు పడింది. గ్యాంగుల కేటాయింపు కోసం ఆ మిషను మీద ప్రోగ్రాము రాసింది కూడా నేనే. డేటా ఎంట్రీ అమ్మాయి ప్రోగ్రాము రాయడమేమిటని ఆరోజుల్లో ఒక ఇంజనీరు నవ్వాడు. అతను ఉద్యోగం మారి వెళ్ళిపోయాక కూడా ఆ ప్రోగ్రాము చాలా ఏళ్ళు పనిచేసింది.

ఈమధ్యే ముందస్తుగా రిటైరయ్యాను. సాఫ్ట్‌వేరంతా ఇప్పుడు ఎక్కడో ఆకాశంలో ఉంటుందట, నేలమీద మనిషి అక్కర్లేదట. నాకూ మీరు అక్కర్లేదని చెప్పి వచ్చేశాను. ఇంట్లో కూర్చుని ఏం చేస్తావని అడిగినవాళ్ళందరికీ వెనక బాల్కనీ చూపించాను. అప్పటికే అక్కడ రబ్బరు మీటల బుల్లి కంప్యూటరు ఉంది, టీవీకి తగిలించుకునేది. మూతపడిన బళ్ళోంచి తెచ్చిన బండలాంటిది ఇంకోటుంది. మూడోది క్యాసెట్టు మీది కూతలు విని ప్రోగ్రాము ఎక్కించుకునే రకం. దానికి టేపురికార్డరు బదులు సెల్‌ఫోన్లో రికార్డు చేసిన కూత వినిపిస్తే ఏమవుతుందని ఒకరోజు ప్రయత్నించాను. ఎక్కించుకుంది! ఆ పూట వంట లేదు, దోశల పిండి కూడా లేదు, నేనూ మా ఆయనా మరమరాలు తిన్నాం.

ఇలాంటివి పోగుచెయ్యడానికి మా ఊరంత పనికిమాలిన ఊరు ఇంకోటి ఉండదు. ఉప్పుగాలికి రాగికి చిలుము, ఇనుముకి తుప్పు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి నల్లటి ధూళి. మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో రోలింగ్ మిల్లు మనిషి. ఎర్రగా కాలే ఇనుముకి జంకడు గాని నా బాల్కనీ అంటే భయం.

"ఏటే, మళ్ళీ ఇంకో శవాన్ని తెచ్చీసినావా?"

"శవం కాదు, కోమాలో ఉంది."

"నా కొత్త తువ్వాలుతో తుడిసినావనుకో, నానే కోమాలోకెల్లిపోతాను."

ఇలా ఉండగా కంపెనీ అడ్మిన్ ఆఫీసరు ఫోన్ చేశాడు. కుర్రవాడు, మంచి చదువే చదివాడు. రుషికొండ వైపు కొత్త భవనం కట్టుకున్నారు, అందులో హెరిటేజ్ కార్నర్ అని ఒకటి పెడుతున్నారట. నా దగ్గర పాత ఫోటోలేమైనా ఉన్నాయా అని అడిగాడు.

"ఫోటోలెందుకు? అసలు మిషనేమైంది?" అన్నాను.

"దొరికింది మేడం, గోడౌన్లో ఉంది. మానిటరూ సీపీయూ లోపల మొత్తం గుల్ల చేసేసి ట్యాబ్ ఒకటి ఫిట్ చేస్తాం. వీడియో తిరుగుతుంటది. సూపరుంటది."

"గుల్ల చెయ్యడమేమిటి?"

"ఎలాగూ పనిచెయ్యదు కద మేడం. లుక్ ఉంటే చాలు."

లుక్ ఉంటే చాలట! ఓడ ఒక్క పూట ఆగితే కంపెనీ మునిగిపోతుందని జ్వరంతో ఉన్నదాన్ని తెచ్చి కూర్చోబెట్టింది ఆ మిషను ముందే. ఇప్పుడు దాని లోపలున్నదంతా లాగిపారేసి, పెళ్ళి విడిదిలో నమస్కారం పెట్టే బొమ్మలా నిలబెడతారట. అది బొమ్మయితే, దాని ముందు కూర్చుని నేనేం చేసినట్టు? బొమ్మలాట ఆడినట్టా?

"విను బాబూ," అన్నాను, "దాన్ని మా ఇంటికి పంపు. మీ ప్రారంభోత్సవం నాడు అందరి ముందూ అది నడిస్తే, లోపలున్న ఒక్క స్క్రూ కూడా ఎవరూ ముట్టుకోకూడదు. నడవకపోతే ట్యాబ్ పెట్టుకో, టీవీ పెట్టుకో, నీ పెళ్ళి వీడియో పెట్టుకో. స్క్రూడ్రైవరు నేనే తెచ్చి గుల్ల చేసిస్తాను."

"ఓకే మేడం" అన్నాడు, ఓడిపోయే మనిషికి ఇచ్చే ఓకే అది.

మిషను ఆటోలో వచ్చింది. మూత తీస్తే వాసనకే విషయం తెలిసింది. ఆ కాలం మిషన్ల బోర్డు మీద నీలిరంగు పీపాలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు కూడా తారీఖు గుర్తుంచుకోవడం దాని పని. ఏళ్ళ తరబడి వదిలేస్తే అది కారి, చుట్టూ ఉన్న రాగి గీతల్ని తినేస్తుంది. మన దానిలో కీబోర్డు వైపు వెళ్ళే గీతలనే తినేసింది. బ్యాటరీ పీకేశాను. వంటింట్లోంచి వెనిగరు, మా ఆయన పాత టూత్‌బ్రష్షు తెచ్చి చిలుము కడిగాను. తెగిన గీతల స్థానంలో వెంట్రుకంత రాగి తీగలు టంకం పెట్టాను. ఫ్లాపీలకి బూజు పట్టింది. తొడుగు కోసి, లోపలి పల్చటి బిళ్ళని సబ్బునీళ్ళలో మెల్లగా కడిగి, ఆరబెట్టి, కొత్త తొడుగులోకి ఎక్కించాను. బట్టలతో పాటు తీగ మీద ఆరేశానని మా ఆయన ఊరంతా చెప్పాడు. అది మాత్రం నిజం కాదు, పళ్ళెంలో ఆరబెట్టాను.

చాలా రోజులు తెర నల్లగా ఉండి నన్ను ఎగతాళి చేసింది. ఒక ఆదివారం పొద్దున కీచుమని ఒక్క కూత కూసి, పచ్చ అంకెలతో తన మెమరీ తను లెక్కపెట్టుకోవడం మొదలెట్టింది. నా ప్రోగ్రాము కూడా ఫ్లాపీలోంచి లేచింది. మా ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి చూసి, "ఓసినీ, బతికీసింది" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద పొగడ్త రాదు.

కాబట్టి పిల్లలూ, ప్రారంభోత్సవానికి ముందే అది బాగైపోయింది. నేను స్వయంగా తీసుకెళ్ళి, అడ్మిన్ ఎదుట నడిపి చూపించి, అప్పగించి వచ్చాను. అక్కడితో అయిపోవాలి. అవలేదు, ఎందుకంటే మా ఊరికి ఒక జబ్బుంది.

ఓడరేవు ఊరు కదా, తుప్పంటే హడలు. అందుకని కదలకుండా నిలబడ్డ దేనికైనా రంగేసేస్తారు. పెద్దవాళ్ళు వస్తున్నారంటే మరీను. చెట్ల మొదళ్ళకి సున్నం, రోడ్డు అంచులకి నలుపూ తెలుపూ, గేటు ముందు లంగరుకి వెండి రంగు. ప్రారంభోత్సవం రోజు పొద్దున నేను వెళ్ళేసరికి హాల్లో ఎనామిల్ వాసన. గోధుమ రంగుకి తిరిగిన నా కంప్యూటరు ఆవుపాలలా తెల్లగా మెరిసిపోతోంది. గాలి ఆడే రంధ్రాలు పూడిపోయాయి. కీబోర్డు మీటలన్నిటికీ తెల్లరంగు, వాటి మీద నల్లటి కొత్త అక్షరాలు. ఒక్కో అక్షరానికి కుడివైపు సన్నటి నీడ కూడా దిద్ది ఉంది. నిజం చెప్పాలంటే అంత అందమైన అక్షరాలు నేను ఏ కీబోర్డు మీదా చూడలేదు.

పై వరసలో మొదటి మీట ఏ. పక్కన బీ. ఆ పక్కన సీ.

పెయింటరు అక్కడే కుంచెలు తుడుచుకుంటున్నాడు. పాత ఊరి మనిషి. పడవల ముక్కుల మీద పేర్లు, షాపుల బోర్డులు రాసే కుటుంబంలోవాడు.

"ఈ అక్షరాలు రాసిందెవరు?" అన్నాను.

"నేనే మేడం. బాగొచ్చినయా?"

"బ్రహ్మాండంగా వచ్చాయి. కానీ వరస మారిపోయింది భాయ్."

"మారలేదు మేడం, సరిచేశాను!" అన్నాడు సంతోషంగా. "పాతదాంట్లో అంతా గడబిడగా ఉండె. క్యూ పక్కన డబ్ల్యూ అంటండి! ముందు తెల్లరంగు కొట్టీశాను, అక్షరాలు పోయినయి. ఏది ఎక్కడ రాయాలని మీ సారుని అడిగాను. సారు ఫోన్లో బిజీ. 'ఏబీసీడీలు రాయడం రాదా నీకు? రాసెయ్' అన్నారు. రాసేశాను. అల్లా కసం మేడం, ఒక్కటి కూడా వదల్లేదు, లెక్క చూసుకోండి."

లెక్క సరిగ్గానే ఉంది. ఇరవయ్యారూ ఉన్నాయి.

ఏమనను? ఆయన చేసింది చెప్పిన పని. పైగా ఒక మాట అడిగాడు: "మరి మొదట ఎవరు మేడం వీటిని ఇట్ల కలిపేసింది?" పాత టైపురైటర్లలో పుల్లలు ఒకదానికొకటి చిక్కుకోకుండా అలా పెట్టారని అంటారు అన్నాను. "దీంట్లో పుల్లలున్నయా?" లేవన్నాను. "మరి?" అన్నాడు. నేను వెళ్ళి అడ్మిన్‌ని పట్టుకున్నాను.

"అక్షరాలు తప్పు చోట ఉన్నాయి, ఏ అని ఉన్న మీట నొక్కితే క్యూ పడుతుంది. మీటలు పీకి మార్చి పెట్టాలి, టైమివ్వు."

"సార్ కారు గేట్లోకి వచ్చేసింది మేడం!"

"అయితే టైపు చేసేది నేను. ఇంకెవరూ ముట్టుకోకూడదు."

"సార్ టైప్ చెయ్యరు మేడం, ఎంటర్ ఒక్కటే కొడతారు. ఎంటర్ కరెక్టే కదా?"

"ఎంటర్ కరెక్టే."

"మరింకేటి మేడం!" అని, చేతిలోని ఫోను మీద రెండు బొటనవేళ్ళతో ఎవరికో ఏదో కొట్టుకుంటూ గేటువైపు పరుగెత్తాడు.

నేను చీర కుచ్చిళ్ళ పిన్నీసు తీసి గాలి రంధ్రాలు పొడుచుకుంటూ, అంటుకుపోయిన మీటల్ని ఒక్కొక్కటే బ్లేడుతో విడదీశాను. మిషను వేశాను. కూత కూసింది, తెర మీద గీత మిణుకుమిణుకుమంది. ఆపాటికి నన్ను వెనక వరసలో, సమోసాల బల్ల పక్కన కూర్చోబెట్టారు.

పెద్దసారు వచ్చాడు. రిబ్బను కత్తిరించాడు. ఎంటర్ కొట్టాడు. అక్కడితో ఆగితే ఆయన పెద్దసారు ఎందుకవుతాడు? కెమెరాలు చూసి హుషారొచ్చింది. "వెల్కమ్ అని టైప్ చేద్దాం" అంటూ ఒక వేలితో, వెతుక్కుంటూ, డబ్ల్యూ నుంచి మొదలెట్టాడు. మానిటరు మీదికి ఒక కెమెరా తిప్పి పెట్టారు, వెనక గోడ మీద పెద్ద తెరలో అది అందరికీ కనపడుతోంది. అక్షరాలు పడ్డాయి: వీ, టీ, ఎస్, ఈ, జీ, డీ, టీ.

ఎవరో, "రష్యా ఓడ పేరేమో సార్" అన్నారు. నవ్వులు. ఆయన మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే ఓడ వచ్చింది.

"డెడ్ కదా ఇది?" అన్నాడు పెద్దసారు.

"అవును సార్, చాలా ఓల్డ్ సార్. బ్యాకప్ ప్లాన్ రెడీ సార్" అన్నాడు అడ్మిన్. ఆ బ్యాకప్ ప్లాను బల్ల పక్కనే నిలబడి ఉంది: చంకలో ట్యాబు, చేతిలో స్క్రూడ్రైవరుతో ఒక టెక్నీషియను. నడవకపోతే గుల్ల చేసుకోమన్నది నేనే కదా. నడుస్తున్నదాన్ని నడవడం లేదని నా కళ్ళముందే తేల్చేశారు. టెక్నీషియను మొదటి స్క్రూ మీద మొన పెట్టాడు.

లేచాను. సమోసాల బల్ల తగిలి ఏదో పడింది. "చెయ్యి తీయ్!" అన్నాను. మైకు లేకుండానే వినపడింది.

"మేడం, ప్లీజ్, కూర్చోండి..."

"నువ్వు కూర్చో."

కీబోర్డు ముందు నిలబడ్డాను. అప్పుడు ఒక విచిత్రం జరిగింది. ఆ తెల్లటి మీటలు చూడగానే నా వేళ్ళు ఆగిపోయాయి. చూస్తే ఏ అక్షరం ఎక్కడుందో నాకే తెలియడం లేదు. అంతమంది ముందు చేతులు గాల్లో పెట్టుకుని నిలబడిపోయాను. వెనక నుంచి ఒక గొంతు లేచింది. పాత సిబ్బంది వరసలోంచి, తలంతా నెరిసిన ఆ యారాడ వించి డ్రైవరు.

"ఓలప్పా! కిందకేటి సూత్తావ్? కిటికీ కేసి సూడు!"

తల తిప్పి ఆయన మొహం చూశాను. వేళ్ళు వాటి దారిన అవి వెళ్ళాయి. హాలు చప్పట్లు కొట్టినప్పుడు గాని వెల్కమ్ అని పడిందని నాకు తెలియలేదు. ఆగలేదు. నా ప్రోగ్రాము పిలిచాను. పచ్చ గళ్ళ పట్టిక వచ్చింది: ఓడ, హాచ్, గ్యాంగు.

"చెప్పు!" అని అరిచాను.

ఆయన లేచి నిలబడి చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు, మధ్యలో క్రేన్లున్నట్టు. "రాసుకో అప్పా! మూడో హాచ్, పగటి షిఫ్టు! నా గ్యాంగే ఎయ్యి, ఇంకెవుడున్నాడు!" ఆయన చెప్పింది చెప్పినట్టు గోడ మీద పడుతూ పోయింది. ఒక్క అక్షరం పొల్లుపోలేదు. టెక్నీషియను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

పెద్దసారు నా దగ్గరికి వచ్చి, నా చేతుల వైపు చూపిస్తూ మైకులో అన్నాడు: "చూశారా? మేడంది హస్తవాసి!"

"హస్తవాసి కాదు సార్, టైపు హయ్యర్," అన్నాను. "ఆ మీటల మీద అక్షరాలు చూడండి."

కానీ మైకు అప్పటికే ఫోటోగ్రాఫరు వైపు తిరిగింది. ఫోటోలో అందరూ కెమెరానే చూస్తున్నారు.

ఒప్పందం ప్రకారం మిషను ఒంటి మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు, అది ఇప్పటికీ నడుస్తోంది. పెయింటరుని మాత్రం ఇక పిలవకూడదని చెప్పేశారట. దానికి అడ్మిన్‌తో ఎంత పోట్లాడాలో అంత పోట్లాడాను. "ఏబీసీడీలు రాయమంది ఎవరు?" అంటే, "ఎవరైనా అలా రాసేస్తారా మేడం?" అన్నాడు. మళ్ళీ పిలిచేదాకా వదలనని చెప్పాను, ఇంకా వదల్లేదు. ఈలోగా ఆ భాయ్ చేతే మా బాల్కనీకి ఒక బోర్డు రాయించుకున్నాను, ప్రతి అక్షరానికీ నీడ దిద్దించి.

తర్వాత అడ్మిన్ కొత్త కీబోర్డు కొందామన్నాడు, మీటల మీద స్టిక్కర్లు వేద్దామన్నాడు. వద్దన్నాను. మీటలు పీకి సరైన చోట పెట్టడం నాకు ఒక పూట పని, కావాలనే చెయ్యలేదు. అప్పుడప్పుడూ వెళ్ళి దాన్ని నడిపి, పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. 'తాకరాదు' అని పెట్టిన బోర్డు తీసి బల్ల కింద పడేశాను. పక్క కంపెనీల నుంచి కూడా పిల్లలు వస్తారు, మీలాంటివాళ్ళే. పేరు కొడతారు, పిచ్చిరాతలు పడతాయి. "పాపం, పాతది కదా ఆంటీ" అని నాకు ఓదార్పు చెప్పి, జేబులోంచి ఫోను తీసి, సరిగ్గా అవే అక్షరాలు, క్యూ పక్కన డబ్ల్యూగా, పాత వరసలోనే ఉన్న ఆ చిన్న తెర మీద ఎవరికో మెసేజ్ కొట్టుకుంటూ వెళ్ళిపోతారు.

అందుకే అడుగుతున్నాను. రోజంతా ఆ వరస మీదే బతికేవాళ్ళు ఆ రోజు హాలు నిండా ఉన్నారు, ఇంజనీర్లతో సహా. మిషను చచ్చిందని అందరూ ఒక్క మాట మీద నమ్మారు, నా చేతిలో మహిమ ఉందని కూడా నమ్మారు. ముక్కు కింద పెద్దపెద్ద అక్షరాలతో, నీడలతో సహా ఏబీసీడీ అని రాసి ఉంటే, వేలితో వెతుక్కున్న పెద్దసారుతో సహా ఒక్కరంటే ఒక్కరికి వరస మారిందని ఎందుకు కనపడలేదు?